పాత స్పీడ్‌బోటు, దాని ట్రైలరు: ఏ పని ముందు మొదలెట్టాలి?

ఎదుర్లంక రేవు:

నమస్కారమండి. మాది గౌతమి ఒడ్డున ఎదుర్లంక. సంక్రాంతికి ముందు ఒక పాత స్పీడ్‌బోటు కొన్నాను. పద్దెనిమిది అడుగుల ఫైబర్ బోటు, వెనక 150 హార్స్‌పవర్ టూ స్ట్రోక్ వి6 ఔట్‌బోర్డు, అంటే బోటు వెనక బయట తగిలించే ఇంజను. ఒక రిసార్టువాళ్ళు వ్యాపారం మూసేసి, ట్రైలరు మీదున్నది ఉన్నట్టే కొబ్బరితోటలో టార్పాలిన్ కప్పి వదిలేశారు. ఏళ్ళ తరబడి అలాగే ఉంది.

చూడ్డానికొచ్చిన ప్రతివాళ్ళూ ఒకటే మాట. పైభాగం కోసేసి, డీజిల్ ఇంజను పెట్టి వలకి తిప్పుకోమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. దాని అడుగు డీప్-వి, అంటే ఇంగ్లీషు V అక్షరంలా లోతుగా ఉంటుంది, వెనక అంచు దాకా అదే లోతు. రే హంట్ అనే బోట్ల డిజైనరు గీసిన ఇలాంటి అడుగుతోనే మోపీ అనే బోటు 1960లో మయామీ నుంచి నసావు రేసు పెద్ద అలల మధ్య గెలిచింది. మన భైరవపాలెం మొగలో, గౌతమి సముద్రంలో కలిసేచోట, వెనక్కి లాగే పాటు నీళ్ళకి సముద్రపు గాలి ఎదురైనప్పుడు లేచే అలలు మీకు తెలుసు కదా. బల్లపరుపు అడుగున్న బోటైతే అక్కడ నడుం విరుగుతుంది. ఈ బోటు ఆ అలల్ని కోసుకుంటూ పోవడానికే పుట్టింది. దాన్ని మళ్ళీ దాని పనిలో పెట్టాలని నా కోరిక.

ఇప్పటికి నేను చూసినవి ఇవి. వెనకవైపు ఫ్లోరు కాలేస్తే దిగుతోంది. డ్రెయిన్ ప్లగ్ తీసేసి చాలా రోజులైనా టీ డికాషన్ లాంటి నీళ్ళు బొట్టుబొట్టుగా కారుతూనే ఉన్నాయి. ట్రైలరు బాక్సు పైపుది, పైన రంగు బానే ఉంది. మెకానిక్ ఇంజను విప్పడానికి సిద్ధంగా ఉన్నాడు. ముందు ఇంజనా, ఫైబర్ పనా, ట్రైలరా? తెలిసినవాళ్ళు చెప్పండి.

తాళ్ళరేవు ఫైబర్ పని:

ఆయ్, ఇంజను జోలికి ఇప్పుడే పోకండి. ఆ కారే నీళ్ళు లోపలి చెక్కవి. ఇంజను తగిలించే వెనక పలక, అంటే ట్రాన్సమ్‌లోనూ, అడుగున బోటు పొడవునా వెళ్ళే దన్ను కర్రలు, అంటే స్ట్రింగర్లలోనూ ప్లైవుడ్ నానిపోయింది. ప్లాస్టిక్ సుత్తితో వెనక పలకంతా తట్టుకుంటూ రండి. గట్టిచోట టంగుమంటుంది, కుళ్ళినచోట చప్పుడు చచ్చిపోతుంది. అనుమానమున్నచోట లోపలివైపు నుంచి సన్న డ్రిల్లు వేసి, వచ్చే పొట్టుని వేళ్ళమధ్య నలపండి. పొడిగా రాలితే ఫరవాలేదు, నల్లగా ముద్దయితే అది పోయినట్టే. 150 హార్స్‌పవర్ తోపంతా ఆ పలక మీదే పడుతుంది. ఇందులో మొహమాటం పనికిరాదు.

అయితే రంపం పట్టకముందే ఒకటి చూడాలి. తాపీమేస్త్రీలు ప్లాస్టరింగుకి వాడే తిన్నటి అల్యూమినియం బద్ద తీసుకుని బోటు కింద దూరండి. అడుగు మధ్య వెన్నెముకలా ఉండే కీల్ (keel) పక్కనే, వెనక అంచు నుంచి ముందుకి ఆనించి పెట్టి, అవతలివైపు నుంచి టార్చి కొట్టండి. బద్దకీ అడుగుకీ మధ్య వెలుతురు గీత కనపడిందా, అక్కడ అడుగు లోపలికి వంగింది. దాన్నే హుక్ అంటారు. మామూలు పడవకి అదో లెక్క కాదు. మీ బోటు నీటి పైకి లేచి పరిగెత్తేది, దానికి మూడు మిల్లీమీటర్లు కూడా ఎక్కువే. హుక్ వెనకభాగాన్ని ఎత్తి ముక్కుని నీళ్ళలోకి నొక్కుతుంది. వేగం పడిపోతుంది, స్టీరింగ్ లాగేస్తుంది. ఎంత ఖరీదైన ప్రొపెల్లరు వేసినా పోదు.

ఇది ఎక్కువగా ట్రైలరు వల్లే వస్తుంది. బోటు కూర్చునే బంక్ కర్రలు ట్రాన్సమ్ దాకా రాకుండా ముందే ఆగిపోతే, ఇంజను బరువంతా గాల్లో వేలాడుతుంది, ఏళ్ళ తరబడి అడుగు ఆ కర్ర చివర దగ్గర వంగుతూ వస్తుంది. కొత్త చెక్క అతికేటప్పుడు అడుగు ఏ ఆకారంలో ఉంటే ఇక ఎప్పటికీ అదే ఆకారం. అందుకని ముందు ట్రైలరు, తర్వాత చెక్క, ఆఖర్న ఇంజను.

రావులపాలెం వెల్డింగ్:

పైన చెప్పింది నిజం. బాక్సు పైపు పైరంగు చూసి నమ్మకండి. ఉప్పునీళ్ళలో దిగిన పైపు లోపలినుంచి తినేస్తుంది. కిందివైపు సుత్తి మొనతో కొట్టి చూడండి, దిగబడితే ఆ ముక్క పారెయ్యాల్సిందే. నేనైతే సి-ఛానల్‌తో కొత్తగా కడతాను, కడిగితే ప్రతి మూలా కనపడుతుంది. వెల్డింగంతా అయ్యాకే హాట్ డిప్ గాల్వనైజింగ్‌కి, అంటే కరిగిన జింకులో ముంచి పూత వేయించడానికి పంపండి. ఎక్కడైనా మూసిన పైపు మిగిలితే గాలి కన్నాలు తప్పనిసరి. సుమారు 450 డిగ్రీల జింకు తొట్టిలో, మూసుకుపోయిన పైపు పగిలి మనుషుల మీదికి వస్తుంది.

బేరింగులు కూడా. రోడ్డు మీద దూరం లాగాక చక్రం మధ్య బేరింగులుండే హబ్ వేడెక్కి ఉంటుంది. వెంటనే రేవులో దించితే లోపలి గాలి చల్లారి కుంచించుకుపోయి, సీలు పక్కనుంచి నీళ్ళని లాక్కుంటుంది. చెయ్యి పెట్టి చూసి, చల్లారాకే దించండి. మెరైన్ గ్రీజే వాడండి.

ఎదుర్లంక రేవు:

తాళ్ళరేవు గారూ, మీరన్నట్టే బద్ద పెట్టి చూశాను. వెలుతురు గీత స్పష్టంగా ఉంది, మధ్యలో పాత రూపాయి బిళ్ళ దూరుతోంది. బంక్ కర్రలు ట్రాన్సమ్‌కి మూరెడు ముందే ఆగిపోయాయి! ఇది సరవుతుందా? ప్లైవుడ్ ఏది కొనాలి?

తాళ్ళరేవు ఫైబర్ పని:

చాలావరకు అవుతుంది. పాత స్ట్రింగర్లు తీసేశాక అడుగు మెత్తబడుతుంది. అప్పుడు కింద జాకీలు పెట్టి, బద్ద చూసుకుంటూ తిన్నగా తెచ్చి, అలాగే ఉంచి కొత్తవి అతికించాలి. మిగిలిన కాస్త పల్లం ఎపాక్సీ ఫిల్లరుతో సరిచెయ్యొచ్చు. ట్రాన్సమ్ బయటి పొర కదపొద్దు, లోపలి పొర మాత్రమే కొయ్యండి.

ప్లైవుడ్ మీద ఐఎస్ 710 ముద్ర ఉండాలి, అది మెరైన్ రకం. 303 ముద్రది మామూలు రకం, ఎంత చవకొచ్చినా వద్దు. 18 మిల్లీమీటర్లవి రెండు, ఎపాక్సీతో అతికించండి. ఎపాక్సీకి మామూలు చాప్‌డ్ మ్యాట్, అంటే గాజుపోగు ముక్కల్ని జిగురుతో అతికిన చాప, పనికిరాదు. ఆ మ్యాట్‌లో జిగురు పాలియెస్టర్ రెజిన్‌లోనే కరుగుతుంది. రెండు దిశల్లో పోగులు పరిచి కుట్టిన బయాక్సియల్ గాజుగుడ్డ తెప్పించండి. మన తేమకి ఎపాక్సీ ఆరాక పైన జిడ్డుపొర కడుతుంది, నీళ్ళతో రుద్ది కడగకుండా రెండో పొర వేస్తే ఊడొస్తుంది. జూన్ వానలు పడకముందే ఈ పని తేల్చేయండి.

కాకినాడ ఔట్‌బోర్డు:

ఇంజను ఆఖర్నే అన్నారు కాబట్టి క్లుప్తంగా. స్టార్ట్ చెయ్యకముందే ఆరు సిలిండర్ల కంప్రెషన్ చూడండి. వాటిమధ్య తేడా పది శాతం లోపుండాలి. గేర్ ఆయిల్ పాలరంగులో వస్తే సీళ్ళు పోయాయి. వాటర్ పంపు ఇంపెల్లరు ఎలా ఉన్నా మార్చేయండి, వరదనీటి ఒండ్రు దాన్ని అరగదీస్తుంది. ఇప్పుడు బంకుల్లో దొరికేది ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలు, పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు. ఊడిన రబ్బరు నలక కార్బ్యురేటరు జెట్టులో పడితే ఆ సిలిండరుకి పెట్రోలూ తగ్గుతుంది, ఆయిలూ తగ్గుతుంది. ఫుల్ థ్రాటిల్‌లో పిస్టన్ కాలిపోతుంది. పైపులన్నీ కొత్తవి వెయ్యండి, నీళ్ళు వేరుచేసే ఫిల్టరు పెట్టండి, ఆయిల్ టిసి-డబ్ల్యు3 రకమే, అది నీళ్ళతో చల్లబడే టూ స్ట్రోక్ బోటు ఇంజన్లది. బైకులకి పోసే టూటీ ఆయిల్ వద్దు.

ఎదుర్లంక రేవు:

అందరికీ ధన్యవాదాలండి. మెకానిక్‌ని వేసవి చివరికి రమ్మన్నాను. చైన్‌పుల్లీతో బోటు ఎత్తి దిమ్మల మీద పెట్టి, ట్రైలరు రావులపాలెం పంపుతున్నాను. కొత్త బంక్ కర్రల కొలత ట్రాన్సమ్ అంచు దాకా గీసిచ్చాను.