మూడు సిలిండర్ల 1.5 లీటర్ హైబ్రిడ్ ఇంజిన్ మన సీమ ఎండలకు, ఘాట్ రోడ్లకు ఎంతవరకు నిలుస్తుంది?

ప్రశ్న: ఎర్రగుంట్ల వాసి

అందరికీ నమస్కారం. ఇంట్లో ఉన్న పాత డీజిల్ కారును మార్చి, మారుతి గ్రాండ్ విటారా గానీ టొయోటా అర్బన్ క్రూయిజర్ హైరైడర్ గానీ, స్ట్రాంగ్ హైబ్రిడ్ (పెట్రోల్ ఇంజిన్‌తో పాటు, కారును కొంతదూరం ఒంటరిగానూ నడపగల కరెంటు మోటారు ఉన్న) రకంలో తీసుకోవాలని ఆలోచిస్తున్నాము. రెండింటిలోనూ ఉన్నది ఎం15డి-ఎఫ్ఎక్స్ఈ అనే 1490 సీసీ, మూడు సిలిండర్ల పెట్రోల్ ఇంజినేనని చదివాను. ఇంజిన్ శక్తి సుమారు 92 పీఎస్ (హార్స్ పవర్ లాంటి కొలత) అనీ, మోటారు శక్తి 80 పీఎస్ అనీ రాసి, రెండూ కలిపితే మాత్రం 116 పీఎస్ అని చూపిస్తున్నారు. 92, 80 కలిస్తే 172 రావాలి కదా, మిగిలిన 56 ఏమైందని షోరూములో అడిగితే, ఆ అబ్బాయి బ్రోచరులో ఉన్నదే మళ్లీ చదివి వినిపించాడు.

రెండో సందేహం మన్నిక గురించి. ఊళ్లో తిరిగేటప్పుడు ఈ ఇంజిన్ పదే పదే ఆగుతూ, మొదలవుతూ ఉంటుందంటున్నారు. అలా అయితే త్వరగా అరిగిపోదా? పైగా మాది సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్న ప్రాంతం కనుక దుమ్ముకు కొదవ లేదు, వేసవి ఎండ సంగతి మీకు తెలిసినదే. బంధువులు రాయచోటిలో ఉన్నందున గువ్వలచెరువు ఘాట్ మీదుగా తరచుగా వెళ్లాల్సి ఉంటుంది. ఈ వ్యవస్థను దగ్గరగా ఎరిగినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను.

జవాబు: అనంతపురం నుంచి, మెకానికల్ అధ్యాపకుడు

ఆ 56 పీఎస్ ఎక్కడికీ పోలేదండీ, అది మొదటి నుంచీ లేదు. ఇంజిన్, మోటారు విడివిడిగా చేరగల గరిష్ఠ శక్తులను పక్కపక్కన అచ్చు వేస్తారు గానీ, మోటారుకు కరెంటు ఎక్కడి నుంచి వస్తుందో ఆ పట్టికలో రాయరు. దానికి ఉన్న దారులు రెండే: ఒకటి బ్యాటరీ, రెండోది ఇంజిన్ తిప్పే జనరేటరు. ఇంజిన్ తన 92 పీఎస్‌లో కొంత వాటాను జనరేటరు ద్వారా మోటారుకు పంపినా అది ఆ 92లోని భాగమే తప్ప అదనపు శక్తి కాదు. కొత్తగా వచ్చి చేరేది బ్యాటరీ ఇచ్చేది మాత్రమే. 116లో 92 తీసివేస్తే మిగిలే 24 పీఎస్, అంటే సుమారు 18 కిలోవాట్లు, ఆ చిన్న బ్యాటరీ అందించే సాయం.

ఆ సాయం ఎంతసేపు నిలుస్తుందో కూడా లెక్కించవచ్చు. 177.6 వోల్టుల ఆ లిథియం అయాన్ బ్యాటరీ సామర్థ్యం 0.76 కిలోవాట్ అవర్. 18 కిలోవాట్ల చొప్పున ఆపకుండా వాడితే, పూర్తిగా నిండి ఉన్న బ్యాటరీ కూడా రెండున్నర నిమిషాల్లో ఖాళీ అవుతుంది. నిజానికి కంట్రోల్ యూనిట్ దానిని పూర్తిగా ఖాళీ కానివ్వదు, పూర్తిగా నిండనివ్వదు కనుక ఆ వ్యవధి ఇంకా తక్కువే. అందువల్ల లారీని దాటడానికి, సిగ్నల్ దగ్గర కదలడానికి మీకు 116 పీఎస్ దొరుకుతుంది గానీ, నిండు కుటుంబంతో పొడవైన ఘాట్‌ను వేగంగా ఎక్కుతున్నప్పుడు కొంతసేపటికి మీ చేతిలో మిగిలేది 92 పీఎస్ ఇంజిన్ ఒక్కటే. డీజిల్ కారు నుంచి వస్తున్నవారు ఈ విషయం ముందే తెలుసుకోవడం మంచిది.

ఇదే కార్లలో మైల్డ్ హైబ్రిడ్‌గా (మోటారు చిన్న సాయం మాత్రమే చేసే రకంగా) వచ్చే 1462 సీసీ ఇంజిన్ 103 పీఎస్, 137 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇస్తుంటే, దానికంటే 28 సీసీ పెద్దదైన ఈ ఇంజిన్ 92 పీఎస్, 122 న్యూటన్ మీటర్ల దగ్గరే ఆగుతుంది. ఇది లోపం కాదు, అట్కిన్సన్ పద్ధతి వల్ల కోరి వదులుకున్న శక్తి. పిస్టన్ పైకి రావడం మొదలుపెట్టిన తరువాత కూడా ఇన్‌టేక్ వాల్వు కొంతసేపు తెరిచే ఉంటుంది, లోపలికి వచ్చిన గాలిలో కొంత వెనక్కి పోతుంది. కుదింపు దూరం తగ్గి, మండిన వాయువు వ్యాకోచించే దూరం ఎక్కువగా మిగలడం వల్ల పెట్రోలులోని వేడిలో ఎక్కువ భాగం పనిగా మారుతుంది. ఈ పద్ధతితోనే టొయోటా 1.8 లీటర్ల ఇంజిన్ సామర్థ్యాన్ని తన హైబ్రిడ్ కారు ప్రియస్ మూడో తరంలో 38.5 శాతానికి, నాలుగో తరంలో 40 శాతానికి తీసుకుపోయింది. తక్కువ వేగంలో ఇంజిన్‌కు ఉండే నీరసాన్ని, సున్నా వేగం నుంచే 141 న్యూటన్ మీటర్లు ఇచ్చే మోటారు కప్పివేస్తుంది.

ఆగి మొదలవడం వల్ల అరుగుదల ఉంటుందన్న మీ భయం సహజమే గానీ, ఇక్కడ మామూలు స్టార్టరు మోటారు, దాని పళ్ల చక్రం ఉండవు. ప్లానెటరీ గేర్ల (నడిమి చక్రం చుట్టూ చిన్న చక్రాలు తిరిగే అమరిక) ద్వారా ఇంజిన్‌కు ఎప్పుడూ తగులుకొని ఉండే జనరేటరే దానిని నిమిషానికి దాదాపు వెయ్యి చుట్ల వరకు తిప్పి, ఆ తరువాత పెట్రోలు అందిస్తుంది. ఆల్టర్నేటరు, టార్క్ కన్వర్టర్, మామూలు క్లచ్, సీవీటీ బెల్టు ఏవీ లేవు, ఏసీ కంప్రెసరు కూడా కరెంటుతోనే నడుస్తుంది. లేని వస్తువు చెడిపోదు కదా! 1997 డిసెంబరులో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన మొదటి ప్రియస్ నుంచి ఈ గేర్ల అమరిక మూలసూత్రం మారలేదు. మూడు సిలిండర్ల హైబ్రిడ్ కూడా కొత్త ప్రయోగం కాదు, 1999 నాటి హోండా ఇన్‌సైట్‌లో ఉన్నది 995 సీసీ మూడు సిలిండర్ల ఇంజినే, అయితే దాని మోటారు అమరిక వేరు.

అలాగని మచ్చలేని చరిత్ర అనుకోవద్దు. మూడో తరం ప్రియస్‌లో ఈజీఆర్ కూలరులో (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగను చల్లార్చే భాగంలో) మసి పేరుకోవడం, హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్లకు, వాటి పైభాగానికి మధ్య ఉండే సీలు) దెబ్బతినడం మెకానిక్కులకు బాగా తెలిసిన సమస్యలు. 2014 ఫిబ్రవరిలో అదే తరానికి చెందిన సుమారు 19 లక్షల కార్లను, ఇన్వర్టరు (బ్యాటరీ కరెంటును మోటారుకు తగినట్టు మార్చే పరికరం) వ్యవస్థలోని ట్రాన్సిస్టర్లు అధిక వేడికి గురికాకుండా సాఫ్ట్‌వేర్ మార్చడానికి టొయోటా వెనక్కి పిలిచింది. కనుక మన ఎండల్లో సిలిండర్ల సంఖ్య కంటే ఇన్వర్టరు, బ్యాటరీ ఎలా చల్లబడుతున్నాయన్నదే నేను ముందుగా అడిగే ప్రశ్న.

జవాబు: తుంగభద్ర తీరం, కర్నూలు

పై వివరణకు వాడకందారుగా కొద్దిగా చేరుస్తాను. ప్రయోగశాలలో వచ్చిన లీటరుకు 27.97 కిలోమీటర్ల లెక్కను మనసులోంచి తీసివేయండి. కర్నూలు ఊళ్లో, రాజ్‌విహార్ సెంటరు రద్దీలో ఈ కారు చూపించే పొదుపు 44వ జాతీయ రహదారి మీద 100 దాటించి హైదరాబాదు వెళ్లేటప్పుడు కనిపించదు, ఎందుకంటే అక్కడ ఇంజిన్ దాదాపు నిరంతరం నడుస్తూనే ఉంటుంది, బ్రేకు వేసినప్పుడు మోటారు ద్వారా బ్యాటరీలోకి తిరిగి రాబట్టుకోవడానికి శక్తి ఏమీ ఉండదు. ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్లినప్పుడు ఎక్కడంలో ఇంజిన్ గట్టిగా మోగుతుంది. వేగానికి తగ్గట్టు చప్పుడు పెరగకుండా, ఒకే స్థాయిలో అరుస్తూ ఉండటం మా నాన్నగారికి ఇప్పటికీ నచ్చదు. యంత్రపరంగా మాత్రం ఇంతవరకు ఫిర్యాదు లేదు.

ఎర్రగుంట్ల వాసి

ఇద్దరికీ ధన్యవాదాలు. ఎక్కడం అర్థమైంది. ఘాట్ దిగేటప్పుడు బ్యాటరీ నిండిపోతే ఏమవుతుంది? బ్రేకుల భారమంతా ప్యాడ్ల మీద పడుతుందా? గువ్వలచెరువు దగ్గర బ్రేకులు పట్టని లారీల ప్రమాదాలు విని విని అడుగుతున్నాను.

అనంతపురం నుంచి, మెకానికల్ అధ్యాపకుడు

మనుషులు, సామానుతో కారు బరువు 1500 కిలోలు అనుకుందాం. 200 మీటర్ల ఎత్తు దిగితే అది వదిలే శక్తి 29 లక్షల జౌళ్లకు పైగా, అంటే 0.8 కిలోవాట్ అవర్. మీ బ్యాటరీ మొత్తం సామర్థ్యమే 0.76 కదా. గాలి నిరోధం, టైర్ల రాపిడి కొంత తినేసినా, వాడుకోగల భాగం అంతకంటే చిన్నది కనుక పొడవైన దిగుడులో మధ్యలోనే బ్యాటరీ నిండటం సాధారణమే. అప్పుడు గేరు సెలెక్టరును బీ (ఇంజిన్‌తో వేగం తగ్గించే) స్థానంలో పెడితే, వ్యవస్థ పెట్రోలు మండకుండానే ఇంజిన్‌ను తిప్పి, మిగులు శక్తిని దాని కుదింపులో, రాపిడిలో ఖర్చు చేస్తుంది. పాదం బ్రేకు మీద లేకుండానే వేగం అదుపులో ఉంటుంది. ఇంజిన్ హోరెత్తినా అది చెడిపోతున్న శబ్దం కాదు. బ్యాటరీ నిండాక పెట్టడం కంటే దిగుడు మొదట్లోనే బీలో పెట్టడం మేలు. సమతలం మీద మాత్రం బీలో నడపవద్దు, పొదుపు పోతుంది.

జవాబు: కడపలో వర్క్‌షాపు నడిపే వ్యక్తి

పెద్దలు సిద్ధాంతం చెప్పారు, నేను బండి కింద కనిపించేది చెబుతాను. వాళ్లతో ఒక్క విషయంలో విభేదిస్తున్నాను. లేని వస్తువు చెడిపోదన్నది నిజమే గానీ, కొత్తగా వచ్చి చేరిన వస్తువులకు మన వీధి మెకానిక్కు దగ్గర వైద్యం లేదు. నారింజ రంగు (హై వోల్టేజి) తీగలు కనిపిస్తే మా పిల్లలను చేయి పెట్టనివ్వను. సర్వీస్ ప్లగ్ (పెద్ద బ్యాటరీ కరెంటును తెంచే ప్లగ్) తీసి, ఇన్వర్టరులోని కెపాసిటర్లు ఖాళీ కావడానికి పది నిమిషాలు ఆగి, రబ్బరు చేతి తొడుగులతో మాత్రమే ముట్టుకోవలసిన పని అది. ఆ శిక్షణ ఉన్న సర్వీస్ సెంటరు మీకు దగ్గరలో లేకపోతే ఈ బండి తీసుకోవద్దనే చెబుతాను.

తీసుకుంటే మొదట కూలెంట్ గురించి జాగ్రత్త పడండి. ఇన్వర్టరును చల్లబరిచే కూలెంట్ ఇంజిన్ కూలెంట్‌తో కలవకుండా విడిగా తిరుగుతుంది, దాని ట్యాంకు కూడా వేరే. మన జిల్లాలో రేడియేటరు తగ్గితే బోరు నీళ్లు పోసే అలవాటు ఇంకా పోలేదు. సున్నపురాయి నేలలోంచి వచ్చే ఆ నీళ్లు సన్నటి దారుల్లో ఎంత గారను వదులుతాయో మీ ఇంట్లో నీళ్లు కాచే పాత్ర అడుగున చూడవచ్చు. డ్రైవరుకు గానీ, పెట్రోలు బంకులో సాయం చేసే కుర్రవాడికి గానీ ఆ మూత తీసే అవకాశం ఇవ్వకండి.

ఇక బ్యాటరీ. అది కారు లోపలి గాలితోనే చల్లబడుతుంది, ఆ గాలి వెనుక సీటు దగ్గరి జాలీ గుండా పోతుంది. అక్కడ సంచులు, దుప్పట్లు అడ్డం పెట్టకూడదు. మీ గనుల దుమ్ముకు ఆ జాలీని, ఏసీ ఫిల్టరును, ఇంజిన్ గాలి ఫిల్టరును మాన్యువల్‌లో రాసిన గడువు కంటే ముందే శుభ్రం చేయించాలి. ఎండలో నిలిపిన కారును తీయగానే పరిగెత్తించకుండా, అద్దాలు దించి వేడి గాలిని బయటికి పంపి ఏసీ వేసుకోండి. బ్యాటరీ వేడెక్కితే కంట్రోల్ యూనిట్ దాని వాడకం తగ్గించి, ఇంజిన్‌ను ఎక్కువగా నడిపిస్తుంది. వేసవిలో మైలేజీ పడిపోయిందంటూ వచ్చేవాళ్ల బండ్లలో నేను మొదట చూసేది ఆ జాలీనే. బ్యాటరీకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్ల వారంటీ ఉంది, సర్వీస్ రికార్డు సక్రమంగా ఉంచుకోండి.

ఊరికి వెళ్లి కొన్ని వారాలు బండి నిలిపితే చిన్న 12 వోల్టుల బ్యాటరీ దిగిపోవచ్చు. అది దిగితే పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా కారు రెడీ స్థితికి రాదు, పైగా దీనిని తోసి స్టార్ట్ చేయడం కుదరదు. జంపర్ తీగలు డిక్కీలో ఉంచుకుని, అవి ఎక్కడ తగిలించాలో కారు తీసుకునే రోజే షోరూము వాళ్ల చేత చూపించుకోండి.