వేసవికి తగిన చవకైన వైన్లు

ప్రశ్న: ఎండలు ముదిరిన రోజుల్లో హాయిగా తాగదగిన, ఖరీదు తక్కువైన తెల్ల, ఎర్ర వైన్లు ఏవో చెప్పగలరా? ఎర్ర వైన్ వేసవికి పనికిరాదంటారు, నిజమేనా?

జవాబు 1: ముందుగా పోర్చుగల్‌కు చెందిన విన్యో వెర్దె తెల్ల వైన్‌ను చూడండి. సాధారణంగా ఆల్కహాల్ తక్కువగా, పులుపు చురుగ్గా, తరచూ నాలుకపై సన్నని బుడగల చిమచిమతో ఉండే ఈ వైన్‌ను ఎక్కువకాలం నిల్వ ఉంచకుండా లేతగానే తాగాలి కాబట్టి, సీసాపై ఇటీవలి సంవత్సరం ఉన్నదే ఎంచుకోండి.

జవాబు 2: ఎర్ర వైన్ పనికిరాదనడం సరికాదు. ఫ్రాన్స్‌లోని బోజొలే ప్రాంతంలో గమే ద్రాక్షతో చేసే వైన్‌లో వగరునిచ్చే టానిన్ అనే పదార్థం తక్కువ కనుక, 13 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరచినా వగరు పైకి రాదు. పండ్ల రుచి మరింత తేటపడుతుంది. టానిన్ ఎక్కువగా ఉండే చిక్కని కాబెర్నే సావిన్యోన్ ఎర్ర వైన్‌ను అలా చల్లబరిస్తే మాత్రం నోరు పట్టేస్తుంది.

జవాబు 3: తెల్ల వైన్‌కు 8 నుంచి 10 డిగ్రీలు చాలు. అంతకన్నా చల్లబడితే వాసన అణిగిపోతుంది.