మామ్మగారి షెడ్డులో అంబాసిడర్ మార్క్ 2: ఎంతకి అడగాలి?

పర్లాకిమిడి చిన్నోడు: మా వీధి చివర మామ్మగారింట్లో 1972 అంబాసిడర్ ఉంది. తాతగారు పోయాక షెడ్డు తలుపు తియ్యలేదు. ఇంజన్ జామ్. డ్రైవర్ సీటు కింద రేకు బొటనవేలితో నొక్కితే పొడిపొడిగా రాలుతోంది. ధర అడిగితే "నువ్వే చెప్పు నాయనా" అంటారు. పాత ఒడిశా నంబరు మారకూడదని మాత్రం గట్టిగా చెప్పారు. ఎంత చెప్పను?

జయపురం మావయ్య: ముందు దాన్ని తాడు కట్టి లాగకు, పిస్టన్ రింగులు విరుగుతాయి. నాలుగు ప్లగ్గులూ తీసి డీజిల్ పోసి వారం వదిలెయ్. తర్వాత ముందు నుంచి హ్యాండిల్ పెట్టి మెల్లగా తిప్పు.

బరంపురం లేత్: ఇంకా డీజిలేనా మావయ్యగారూ? ఏటీఎఫ్, అదే ఆటోమేటిక్ గేర్‌బాక్సుల్లో వాడే ఆయిల్ పొయ్యాలి, సందుల్లోకి అదే దిగుతుంది. మా నాన్న కాలం నుంచి ఈ 1489 సీసీ ఇంజన్లే విప్పుతున్నాం. కళ్లు మూసుకుని బిగిస్తా.

జయపురం మావయ్య: కళ్లు మూసుకుని బిగించబట్టే హెడ్ దగ్గర నీళ్లు కారుతున్నాయి.

బరంపురం లేత్: ఎవరి బండో చెప్పండి. ఊరికే నోరు పారేసుకోవద్దు.

రాయగడ ఫియట్: అసలు అంబాసిడరే ఎందుకు? మా ఫియట్ పద్మిని 1089 సీసీయే, ఘాటీ రోడ్డు హాయిగా ఎక్కుతుంది.

గుణుపురం బుల్లోడు: ఆ జామైన ఇంజన్‌తో కుస్తీ ఎందుకు? డీజిల్ ఇంజన్ వేసి పడెయ్. మా బావ వేయించాడు, సంతకి కూరగాయలు కూడా మోస్తోంది.

ఇచ్ఛాపురం ఆర్సీ: ఇంజన్ మార్చమని సలహాలేంటండీ! 2021 రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటిన బండిని వింటేజ్ కింద పెట్టొచ్చు, ఇంజన్, బాడీ మార్చేస్తే ఆ అవకాశం పోతుంది. పాత రిజిస్ట్రేషన్ ఉంటే పాత నంబరే ఉంచుకోవచ్చు, కొత్తగా చేయించేవాటికే వీఏ అక్షరాలున్న వింటేజ్ నంబరు సిరీస్. మామ్మగారి మాటా నిలుస్తుంది. ముందు ఫారం 31 పెట్టి బండి ఆవిడ పేరు మీదకి రావాలి తమ్ముడూ, అప్పటిదాకా రూపాయి ఇవ్వకు. నాకు అమ్మినాయన కొడుకుల్లో ఒక్కడే సంతకం పెట్టాడు. బండి షెడ్డు దాటగానే మిగతావాళ్లు ఊడిపడ్డారు.

గుణుపురం బుల్లోడు: వింటేజ్ బండిని రోజూ తిప్పకూడదటగా. దండేసి దణ్ణం పెట్టుకోవడానికా?

రాయగడ ఫియట్: ఈ20, అదే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు వచ్చాక నా బండి రబ్బరు పైపులు మెత్తబడి కారుతున్నాయి. ఇంకెవరికైనా?

బరంపురం లేత్: పైపులతో పాటు పెట్రోలు పంపులో డయాఫ్రం పొర కూడా మార్చు. చిన్నోడూ, పుట్టీ పెట్టి కప్పేసే టింకర్ దగ్గరికి వెళ్లకు. అంబాసిడర్‌కి విడిగా ఛాసిస్, అంటే అడుగున ఫ్రేము ఉండదు, బరువంతా ఆ రేకే మోస్తుంది. కుళ్లింది కోయించి మందం రేకు వెల్డింగ్ చేయించు.

జయపురం మావయ్య: ఇది మాత్రం సరిగ్గా చెప్పాడు. ఇంజన్‌లో డీజిల్ పొయ్యొద్దన్నది ఒప్పుకోను.

పర్లాకిమిడి చిన్నోడు: ధర ఒక్కరూ చెప్పలేదు. సరే, మామ్మగారు బీరువాలోంచి ఆర్సీ తీశారు. దాని మీద తాతగారి పేరే లేదు, ఆయన అన్నగారిది ఉంది.

ఇచ్ఛాపురం ఆర్సీ: ఆయన ఉన్నారా?

పర్లాకిమిడి చిన్నోడు: లేరండీ. పిల్లలు కటక్‌లో ఉంటారట, మాటల్లేవట.

గుణుపురం బుల్లోడు: డీజిల్ ఇంజన్ కావాలంటే చెప్పు, మా బావ దగ్గర ఇంకోటుంది.