బరంపురం పాత వీధుల్లో పై అంతస్తులకి రూలు సడలించాలా?

పెద్దబజారు అబ్బాయి:
మా ఇల్లు పదిహేను అడుగుల వెడల్పు, వంద అడుగుల పొడవు. తాతగారి రోజుల్లో ముందు గదిలో మగ్గం, వెనక పెరడు, నుయ్యి. ఇప్పుడు అన్నదమ్ములం ముగ్గురం, మూడు పొయ్యిలు. మెడికల్ కాలేజీ పిల్లలు అద్దె గదుల కోసం ఊరి చివరిదాకా తిరుగుతున్నారు. పైన రెండంతస్తులు వేస్తే మాకూ గడుస్తుంది, వాళ్లకీ గది దొరుకుతుంది. కానీ ఎఫ్‌ఏఆర్ (స్థలానికి ఎన్ని రెట్లు కట్టుకోవచ్చో ఆ లెక్క) రోడ్డు వెడల్పుని బట్టే ఇస్తారు. మా సందులో రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవాల్సిందే. ఇక సెట్‌బ్యాక్ అని రెండు పక్కలా మూడేసి అడుగులు వదలమంటే మిగిలేది తొమ్మిది. అమెరికాలో మినియాపొలిస్ వాళ్లు 2018లోనే ఒక్క ఇంటి స్థలంలో మూడు వాటాలకి ఒప్పుకున్నారు. మనకెందుకు కుదరదు?

గోపాల్‌పూర్ గాలి:
ముందు కుళాయి సంగతి చూడు బాబూ. వేసవిలో ట్యాంకరు దగ్గర బిందెల వరస తెలియనిదా? మూడు పొయ్యిలు తొమ్మిదయితే ఆ నీళ్లు ఎవరిస్తారు? 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మా గోపాల్‌పూర్ దగ్గరే తీరం దాటింది. తెల్లారి మా అత్తవారి సందులో పడ్డ చెట్టు తీయడానికి మెషీన్ లోపలికి రాలేదు, గొడ్డళ్లతో కొట్టుకున్నాం. అగ్గి అంటుకుంటే ఫైరింజను వస్తుందా? నేను ఒప్పుకోను.

పర్లాకిమిడి ఆడపడుచు:
రూలు ఉంది కదా, మరి మా పుట్టింటి వీధిలో నాలుగో అంతస్తు ఎలా లేచింది? ప్లాన్ లేదు, ఇంజనీరు మొహం చూడలేదు. ప్లాన్ లేదు కాబట్టి బ్యాంకు లోనూ రాలేదు, వడ్డీకి తెచ్చి కట్టారు. ఫైలిన్ గుర్తుంటే అలాంటి మేడకే ఎక్కువ భయపడాలి బాబాయిగారూ.

హైదరాబాదులో బరంపురం:
మినియాపొలిస్ కథ సగమే చెప్పావు తమ్ముడూ. అక్కడ మూడు వాటాల ఇళ్లు కొద్దిగానే వచ్చాయి. కొత్త ఇళ్లు ఎక్కువగా లేచింది పెద్ద అపార్ట్‌మెంట్లలోనే. ఇంత పార్కింగ్ ఉండి తీరాలన్న షరతు ఎత్తేయడం కూడా కలిసొచ్చింది. మా హైదరాబాదులో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (ఎఫ్‌ఏఆర్‌కే ఇంకో పేరు) పరిమితే లేదు, రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లే ఎత్తుని తేలుస్తాయి. పెద్ద రోడ్డు పక్కన ముప్ఫై అంతస్తులు లేస్తాయి, సందులో వాడి గతి మాత్రం నీలాగే. అంచేత ఎఫ్‌ఏఆర్ అంకె పెంచినంత మాత్రాన నీకు ఒరిగేది తక్కువ.

రిటైర్డు ఓవర్సీరు:
అందరూ ఎత్తు గురించే మాట్లాడుతున్నారు. ఆ వీధుల్లో గోడ ఉమ్మడి. సున్నం గోడ, స్తంభాలు లేవు. దానిమీద స్లాబు మోపితే మోయదు. స్తంభాలు వేద్దామని గోడ వార తవ్వితే పక్కింటి గోడ ఒరుగుతుంది. నా సర్వీసులో రెండు చూశాను, ఒకదాని కింద ఆవు పోయింది. మనుషులు లేరు, అదృష్టం.

నన్నడిగితే పాత ఊరికి వేరే రూలు ఉండాలి, అబ్బాయి అడిగిన రూలు కాదు. పక్క సెట్‌బ్యాక్ అడగొద్దు. బదులుగా మధ్యలో వెలుతురు పడేలా మండువా వదలమనాలి, వంద అడుగుల పొడవున్న ఇంట్లో అది కుదురుతుంది. కింది ఇంటి పైన, ఉమ్మడి గోడ మీద బరువు మోపకుండా, ఒక అంతస్తే, లోపల ఎన్ని వాటాలు, ఎన్ని వంటిళ్లయినా సరే. ఇరుగుపొరుగు ఇద్దరూ ఒకే ప్లాన్ మీద సంతకం పెట్టి ఉమ్మడి గోడ దగ్గర కలిపి స్తంభాలు వేస్తే ఇంకో అంతస్తు ఇవ్వాలి. నాలుగంతస్తుల మోజు ఉన్నవాళ్లు బైపాస్ వైపు కట్టుకోవచ్చు. ఠాకురాణి జాత్ర రోజుల్లో ఆ వీధుల్లో సైకిలు నడిపించి చూడండి, ఎందుకంటున్నానో తెలుస్తుంది.

గోపాల్‌పూర్ గాలి:
ఒక అంతస్తంటే సరే. నీళ్ల మాటకి మాత్రం జవాబు రాలేదు.

పర్లాకిమిడి ఆడపడుచు:
నుయ్యి పూడ్చకుండా, మండువాలో పడ్డ వాన నీళ్లు అందులోకే మళ్లించిన వాళ్లకే ప్లాన్ ఇమ్మనండి. కొంతయినా తీరుతుంది.

పెద్దబజారు అబ్బాయి:
ఓవర్సీరు గారూ, గోడ మాట నాకు తట్టలేదు. మూడు వాటాలకి ఒక అంతస్తు చాలదు, రెండోది కావాలంటే పక్కింటాయన సంతకం ఉండాలి. ఆ నుయ్యి హద్దు గొడవతోనే ఆయనకీ మాకూ ఏడేళ్లుగా మాటల్లేవు.