నార్వే చమురు పనితనం: సొంత తెలివా, చట్టం పెట్టిన ముద్దా?

లెక్కలమాస్టారు: బ్రెజిల్, అంగోలా, మన కృష్ణా-గోదావరి సముద్రంలోని కేజీ-డీ6 క్షేత్రం... సముద్రం అడుగున బిగించే పరికరాలంటే నార్వే పేరే వినిపిస్తుంది. 2008లో డీ6లో చమురు తీయడం మొదలెట్టిన ధీరూభాయ్-1 ఓడ కూడా నార్వే కంపెనీదే. 55 లక్షల జనాభా ఉన్న దేశం ఇంత పనితనాన్ని ఎలా ఎగుమతి చేస్తోంది? చట్టం ముద్ద కలిపి నోట్లో పెట్టింది కాబట్టి, అంటాను నేను.

తీరం_లలిత (స్టావంగర్, నార్వే): నమిలింది వాళ్లే కదా మాస్టారూ! 1969లో ఎకోఫిస్క్‌లో చమురు కనుక్కున్నది అమెరికా కంపెనీ ఫిలిప్స్. అప్పటికి వీళ్లకు తెలిసింది ఓడలు, చేపలు. ప్రభుత్వం తరఫున భూగర్భాన్ని చదివిపెట్టినవాళ్లలో ముఖ్యుడు ఫారూక్ అల్-కాసిం, ఇరాక్ మనిషి. 1972లో స్టాటాయిల్ అనే ప్రభుత్వ చమురు కంపెనీ పెట్టారు. 1979 నుంచి విదేశీ కంపెనీలకు చమురు లైసెన్సు కావాలంటే పరిశోధన కొంత ఇక్కడే చేయించాలన్నారు. విదేశీ డబ్బుతో ట్రాండ్‌హైమ్ ప్రయోగశాలలు ఎదిగాయి. 472 మీటర్ల ఎత్తున్న ట్రోల్-ఎ అనే కాంక్రీటు గ్యాస్ ప్లాట్‌ఫారాన్ని 1995లో లాక్కెళ్లి సముద్రంలో నిలబెట్టారు. చట్టం కాంక్రీటు పోయదు.

లెక్కలమాస్టారు: అంటే రిజర్వేషనే.

చింతపండు: ఆ మాట తేకండి, థ్రెడ్ లాక్ చేసేస్తారు.

తీరం_లలిత: కాదు. ధర, నాణ్యత, గడువు పోటీగా ఉంటేనే నార్వే సరుకుకు మొగ్గు చూపాలని అప్పటి నిబంధన.

లెక్కలమాస్టారు: పోటీగా ఉందో లేదో తేల్చేదెవరు? ప్రభుత్వమే! తొంభైల్లో యూరప్ మార్కెట్ నిబంధనల వల్ల ఆ మొగ్గు తీసేశారు, అప్పటికి కంపెనీలు ఎదిగిపోయాయి. ఇప్పుడు వేరేవాళ్లు అదే చేస్తే నీతులు చెబుతారు.

గోదారోడు: మీరిద్దరూ 1972 దగ్గరే కూర్చున్నారు. నేను పడమటి తీరంలో ఒక విదేశీ కంపెనీ పరికరాల మీద టెక్నీషియన్‌గా చేశాను. వాల్వు మొరాయిస్తే మేం ముట్టుకోకూడదు. వాళ్ల మనిషి విమానం దిగేదాకా ఖాళీగా కూర్చోవాలి. వచ్చినాయన మాకు వీపు తిప్పి ల్యాప్‌టాప్ తెరిచేవాడు. ఏం చేస్తున్నారని మా ఫోర్‌మన్ అడిగితే వారంటీ పోతుందన్నాడు. ఎగుమతి అయ్యేది పనితనం కాదు సార్, బిల్లు.

ఉష_కాకినాడ: మధ్యలో వచ్చినందుకు సారీ. మా అబ్బాయిని పెట్రోలియం ఇంజినీరింగ్‌లో చేర్చొచ్చా?

తీరం_లలిత: ఒక కంపెనీ చేసిన పనికి దేశాన్నంతా తిట్టడమేంటి? 2005 నుంచి నార్వే ప్రభుత్వం "అభివృద్ధి కోసం చమురు" అని కార్యక్రమం నడిపి ఉగాండా, ఘనా, తూర్పు తిమోర్ లాంటి దేశాల అధికారులకు చమురు చట్టాలు, ఆదాయం లెక్కలు, పర్యావరణం నేర్పింది.

గోదారోడు: అధికారులకు నేర్పింది. ఫిట్టర్‌కో?

తీరం_లలిత: నేర్చుకోవాలనుకునేవాడు దారి వెతుక్కుంటాడు. చమురు ధర పడిపోయినప్పుడు ఇక్కడ నా ఉద్యోగం పోయింది, పక్క సీటు నార్వే అతనిదీ పోయింది. ఏడుస్తూ కూర్చోలేదు.

గోదారోడు: ఏడుపా మేడం? 1995లో మా కోనసీమలో పాసర్లపూడి గ్యాస్ బావి రెండు నెలలకు పైగా మండింది. ఆ మంట వెలుతుర్లో చదువుకున్నవాణ్ణి నేను. ఆర్పడానికి అమెరికా నుంచి మనుషులొచ్చారు. 2014లో నగరం అనే ఊళ్లో గ్యాస్ పైప్‌లైన్ పేలి ఇరవై మందికి పైగా పోయారు. గ్యాస్ మాది, చావు మాది. పని తెలిసినవాడు మాత్రం ఎప్పుడూ బయటివాడే! స్టావంగర్‌లో కూర్చుని దారి వెతుక్కోమంటారా?

చింతపండు: అయిపోయింది థ్రెడ్.

తీరం_లలిత: ఆ మాట వెనక్కి తీసుకోను గానీ, ఒకటి వినండి. 1980లో ఇక్కడ సముద్రంలో కార్మికులు బస చేసే అలెగ్జాండర్ కీలాండ్ అనే రిగ్గు ఒరిగిపోయి 123 మంది చనిపోయారు. ఇక్కడ చట్టప్రకారం కార్మికుల భద్రతా ప్రతినిధి ప్రమాదం ఉందనుకుంటే పని ఆపించేయగలడు. మేనేజర్ అనుమతి అక్కర్లేదు. నా దృష్టిలో నార్వే పనితనం అంటే వాల్వుల కన్నా ముందు ఇదే.

లెక్కలమాస్టారు: దాన్ని ఎవరు కొంటారు?

గోదారోడు: మాస్టారూ, ఇన్ని పోస్టుల్లో మీరు అడిగిన సరైన ప్రశ్న ఇదొక్కటే. మేడం, మరి ఆ ప్రతినిధిని వాల్వుతోపాటు ఓడ ఎక్కించలేదేం?

తీరం_లలిత: కొనేవాళ్లు అడగలేదు. అమ్మేవాడు అడగనిది ఎందుకిస్తాడు?

గోదారోడు: కొనేవాళ్లు సంతకం పెట్టేటప్పుడు మమ్మల్ని పిలిచారా? మీకు అక్కడ పలుకుబడి ఉంటే తర్వాతి కాంట్రాక్టులో మా ఐటీఐ పిల్లలకు శిక్షణ, పని ఆపే హక్కు రెండూ రాయించండి. మీ నార్వేకి నేనే దండం పెడతా.

తీరం_లలిత: నేను డ్రాయింగులు గీసే ఇంజినీర్ని బ్రదర్, కాంట్రాక్టులు రాసేదాన్ని కాదు.

ఉష_కాకినాడ: అంటే చేర్చొద్దంటారా?