ఈ.కోలి పడగానే ఆకు రంధ్రాలు మూసుకుంటాయి సరే, మరి లోపలికి ఎలా చేరుతోంది?

హరితం: ఈ.కోలి ఓ157:హెచ్7, సాల్మొనెల్లా జబ్బు చేసేది మనుషులకు, మొక్కకు కాదు. అయినా ఈ.కోలి తగిలితే అరబిడాప్సిస్ (ప్రయోగశాలల్లో వాడే చిన్న మొక్క) ఆకు పత్రరంధ్రాలు మూసుకుంటాయని 2006లోనే తేలింది. మొక్క దేన్నిబట్టి పసిగడుతోంది? అంత కాపలా ఉండగా క్లోరిన్ నీళ్లలో కడిగిన ఆకుల్లో కూడా ఇవి ఎందుకు మిగులుతున్నాయి? తరగతిలో చూపించే పద్ధతి ఏదైనా ఉందా?

రక్షకకణం: ఇది ఫలానా క్రిమి అని మొక్కకు తెలియదండి. చాలా బాక్టీరియాల్లో పెద్దగా మారకుండా ఉండే భాగాలను అది పట్టుకుంటుంది. బాక్టీరియా ఈదడానికి వాడే తోకలాంటి కశాభం తయారయ్యే ఫ్లాజెల్లిన్ ప్రోటీన్‌లో 22 అమైనో ఆమ్లాల ముక్క ఉంది, పేరు ఎఫ్ఎల్‌జీ22. అది మొక్క కణం మీది ఎఫ్ఎల్ఎస్2 గ్రాహకానికి (సంకేతాన్ని పసిగట్టే ప్రోటీన్‌కు) తగిలిన కొద్ది నిమిషాల్లోనే కణంలోకి కాల్షియం వస్తుంది, హైడ్రోజన్ పెరాక్సైడ్ పుడుతుంది. రంధ్రానికి రెండు వైపులా ఉండే రక్షక కణాల్లోంచి పొటాషియం, దాని వెంటే నీరు బయటికి పోతాయి. ఉబ్బి వంపు తిరిగిన రెండు కణాలూ బిగువు తగ్గి ఒకదానికొకటి ఆనుకుంటాయి, మధ్య సందు పూడుకుపోతుంది.

ఇక్కడిదాకా ఈ.కోలి అయినా, మొక్కల శత్రువు సూడోమొనాస్ సిరింగే అయినా ఒకటే. సిరింగే డీసీ3000 రకం కొరొనాటిన్ అనే విషం వదిలి 3, 4 గంటల్లో రంధ్రాన్ని మళ్లీ తెరిపిస్తుంది. ఈ.కోలి దగ్గర ఆ తాళంచెవి లేదు.

తడిఆకు: పై జవాబుతో పేచీ లేదు కానీ సాల్మొనెల్లాను, ఈ.కోలిని ఒకే గాటన కట్టకండి. సాల్మొనెల్లా వచ్చినప్పుడు పడే మూత ఎక్కువసేపు నిలవదు. పైగా లెట్యూస్ ఆకు వెలుతురులో ఉంటే అది తెరిచిన రంధ్రాల వైపు ఈదుకెళ్లి గుమిగూడుతుంది. కిరణజన్య సంయోగక్రియలో తయారయ్యే పోషకాలు దాన్ని అటు లాగుతాయి. గాలిలో తేమ 95 శాతం దాటితే మూసుకునే స్పందనే సన్నగిల్లుతుంది.

అసలు పెద్ద దారి గాయం. కోసిన అంచు దగ్గర కాపలా రంధ్రాలతో పనే లేదు, పైగా అక్కడ కారే రసంలో చక్కెరలు సిద్ధంగా ఉంటాయి. ఇక క్లోరిన్ సంగతి: ఆకు రసం, మట్టి కలిస్తే నీళ్లలోని క్లోరిన్ వాటితోనే ఖర్చయిపోతుంది. రంధ్రం కింద గాలి బుడగ ఉంటే మందు నీరు లోపలికి దిగదు. మామూలుగా కడిగితే 90 నుంచి 99 శాతం క్రిములే పోతాయి. వెచ్చటి ఆకును చల్లటి నీళ్లలో ముంచితే ఇంకా నష్టం: లోపలి గాలి కుంచించుకుని బయటి నీటిని, దాంతోపాటు క్రిములను పీల్చుకుంటుంది.

సూక్ష్మదర్శిని: తరగతికి రోగక్రిములు తేవద్దు, కృత్రిమంగా తయారుచేసిన ఎఫ్ఎల్‌జీ22 చాలు. 4, 5 వారాల అరబిడాప్సిస్ మొక్కను కనీసం 2 గంటలు వెలుతురులో ఉంచండి. ఆకు కింది వైపును పారదర్శక టేపుకు అంటించి, మిగతా కండను మెల్లగా గీకేస్తే పొర టేపు మీదే నిలుస్తుంది. దాన్ని 10 మిల్లీమోలార్ పొటాషియం క్లోరైడ్, 25 మిల్లీమోలార్ ఎంఈఎస్ (పీహెచ్ మారకుండా ఉంచే రసాయనం), పీహెచ్ 6.15 ఉన్న ద్రావణంలో తేల్చండి. ఒక గిన్నెలో 5 మైక్రోమోలార్ ఎఫ్ఎల్‌జీ22, ఇంకోదాంట్లో 10 మైక్రోమోలార్ అబ్సిసిక్ ఆమ్లం (రంధ్రాలు మూయించే మొక్క హార్మోన్) వేసి, మూడోదాంట్లో ఏమీ కలపకండి. వెలుతురులోనే గంట ఉంచి, సూక్ష్మదర్శినిలో 400 రెట్లు పెద్దగా చూస్తూ ఒక్కో గిన్నెకు కనీసం 50 రంధ్రాల వెడల్పు కొలవండి.

మూడో గిన్నెలో కూడా రంధ్రాలు మూసే ఉంటే తప్పు వెలుతురుది, లేదా మొక్క వాడిపోయి ఉంటుంది. అబ్సిసిక్ ఆమ్లానికి మూసుకుని ఎఫ్ఎల్‌జీ22కు కదలకపోతే విత్తనం రకం చూసుకోండి. డబ్ల్యూఎస్-0 రకంలో ఎఫ్ఎల్ఎస్2 పనిచేయదు, కొలంబియా రకం వాడాలి. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చేయించండి: ఒక్క గ్రాహకం లేకపోతే తలుపు తెరిచే ఉండిపోవడం పిల్లలు కళ్లారా చూస్తారు.