పైడిభీమవరం దాకా రోజూ ప్రయాణం: కొత్తగా నేర్చుకునేవాడికి ఏ బండి నప్పుతుంది?

ప్రశ్న (శ్రీకాకుళం):
అన్నలూ, పైడిభీమవరంలో ఉద్యోగం వచ్చింది. ఇంటి నుంచి పోనూ రానూ 70 కిలోమీటర్లు. సైకిల్ తప్ప ఏదీ నడపలేదు. ఎల్ఎల్ఆర్ (లెర్నర్ లైసెన్సు) మొన్ననే వచ్చింది. నా ఎత్తు 5 అడుగుల 4 అంగుళాలు. ఇంట్లో మైలేజీ కోసం స్ప్లెండర్ అంటున్నారు, స్నేహితులు హైవేకి బుల్లెట్టే అంటున్నారు. ఏది తీసుకోమంటారు?

జవాబు (ఎచ్చెర్ల):
తమ్ముడూ, బండి సంగతి తర్వాత. ఎల్ఎల్ఆర్ మీద ఒంటరిగా డ్యూటీకి వెళ్లడం కుదరదు. లైసెన్సు ఉండి నేర్పేవాళ్లు వెనక ఉండాలి, ఇంకెవరినీ ఎక్కించుకోకూడదు. ముందూ వెనకా తెల్లపలక మీద ఎర్ర ‘ఎల్’ ఉండాలి. 30 రోజులు దాటాక టెస్టుకి వెళ్లొచ్చు, ఎల్ఎల్ఆర్ 6 నెలలు చెల్లుతుంది. ఆ నెల రోజులూ బస్సులో వెళ్లు, సాయంత్రాలు గ్రౌండులో నేర్చుకో.

బుల్లెట్ వద్దు. ఆ రాయల్ ఎన్‌ఫీల్డ్ బళ్లలో క్లాసిక్ 350 సుమారు 195 కిలోలు. కొత్తవాళ్లు బండి పడేసేది వేగంలో కాదు, గేటు దగ్గర తిప్పేటప్పుడూ, ఇసుక మీద కాలు ఆనించేటప్పుడూ. ఒకసారి ఒరిగితే ఆ బరువు చేతులతో ఆగదు.

స్ప్లెండర్ 112 కిలోలే, నేర్చుకోవడానికి చాలా సులువు. 60, 65 మీద హాయిగా పోతుంది. చిక్కంతా గడ్డి ట్రాక్టరునో ఆటోనో దాటాల్సి వచ్చినప్పుడే. 97 సీసీ ఇంజనుకి అక్కడ ఊపు చాలదు, దాటడానికి ఎక్కువ సేపు పడుతుంది. ఆ ఎక్కువ సేపే ప్రమాదం. రోజూ 70 కిలోమీటర్లంటే 125 సీసీ, ముందు డిస్క్ బ్రేకు ఉన్నది తీసుకో. హోండా షైన్ 114 కిలోల లోపే, టీవీఎస్ రైడర్ 123. రెండింటి సీటూ 800 మిల్లీమీటర్ల లోపే, నీ కాళ్లు అందుతాయి.

జవాబు (విజయనగరం):
బరువు గురించి ఎచ్చెర్ల అన్న చెప్పింది నిజం. కానీ చాలా 125 బళ్లలో ఉండేది సీబీఎస్. వెనక బ్రేకు తొక్కితే ముందుదీ కొంత పడుతుంది, అంతే. చక్రం బిగుసుకుపోకుండా అది ఆపలేదు. 125 సీసీ దాటిన బళ్లకి 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ (చక్రం బిగుసుకుపోకుండా చూసే బ్రేకు ఏర్పాటు) తప్పనిసరి. వర్షాకాలంలో, ఇసుక లారీలు వెళ్లిన రోడ్డు అంచున కొత్తవాడు కంగారులో ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టేస్తే చక్రం జారుతుంది. అక్కడ కాపాడేది ఏబీఎస్సే. 160 సీసీ హోండా యూనికార్న్ సుమారు 140 కిలోలు, సీటు 798 మిల్లీమీటర్లు, మరీ బరువేం కాదు.

పెట్రోలు లెక్క చూడండి. నెలకి 25 రోజులు, 1,750 కిలోమీటర్లు. 125 బండి 55 ఇస్తే 32 లీటర్లు. 160 బండి 45 ఇస్తే 39. తేడా 7 లీటర్లు. ఆ ఖర్చు పర్వాలేదనుకుంటే ఏబీఎస్ ఉన్నదే మేలు.

ప్రశ్న (శ్రీకాకుళం):
మరి 125, 160 ఈ రెంటిలో నాకేది సరిపోతుందో ఎలా తెలుస్తుంది అన్నా?

జవాబు (ఎచ్చెర్ల):
షోరూములో ఇంజను ఆపి, బండి మీద కూర్చుని రెండు కాళ్లతో వెనక్కి పది అడుగులు నెట్టు. దిగి హ్యాండిల్ పట్టుకుని ఎనిమిది అంకెలా తిప్పు. మెయిన్ స్టాండు వెయ్యి. మూడూ రొప్పకుండా అయితే 160 తీసుకో, లేకపోతే 125. విజయనగరం అన్న మాట కాదనను, బ్రేకు విషయంలో ఆయనదే పైచేయి.

జవాబు (నరసన్నపేట):
బండి ఏదైనా చెయిన్ మర్చిపోవద్దు, ఈ దూరానికి ముందు అరిగేది అదే. వారానికి 420 కిలోమీటర్లు తిరుగుతుంది కాబట్టి ప్రతి ఆదివారం చూడాలి. మెయిన్ స్టాండు వేసి, కింది చెయిన్ మధ్యలో బొటనవేలితో పైకి నొక్కండి. ఆ కదలిక 20 నుంచి 30 మిల్లీమీటర్లు ఉండాలి. చక్రం తిప్పుతూ నాలుగుచోట్ల చూడండి. ఒకచోట బిగువు, ఒకచోట వదులు వస్తే చెయిన్ సాగిపోయినట్టే, బిగించి లాభం లేదు, స్ప్రాకెట్లతో (చెయిన్ తిరిగే పళ్ల చక్రాలతో) సహా మార్చాలి. ఇంజను ఆపి, చేత్తో చక్రం తిప్పుతూ మాత్రమే గుడ్డతో తుడవండి. ఇంజను నడుస్తుండగా తుడిస్తే వేళ్లు పోతాయి. ఆ తర్వాత 90 గ్రేడ్ గేర్ ఆయిల్ పలచగా పట్టించండి. సాయంత్రం డ్యూటీ నుంచి రాగానే, చెయిన్ వెచ్చగా ఉన్నప్పుడు రాస్తే లోపలికి దిగుతుంది. పాత ఇంజనాయిల్ వద్దు, అందులో ఇనప రజను ఉంటుంది.

సర్వీసు నెలల లెక్కన కాక కిలోమీటర్ల లెక్కన చేయించండి, మీకు కార్డులో రాసిన నెలల కంటే ముందే వచ్చేస్తుంది. గాలి వారానికోసారి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోండి. ఎంత పెట్టాలో బండి మీద స్టిక్కరుంటుంది.

ప్రశ్న (శ్రీకాకుళం):
బి షిఫ్టు రాత్రి 10కి వదులుతారు. దానికీ బండే వాడనా?

జవాబు (విజయనగరం):
మొదటి మూడు నెలలూ ఆ వారాలు కంపెనీ బస్సే ఎక్కండి. ఎదురు లైట్ల వెలుగులో అంచున ఆగి ఉన్న లారీ కనిపించదు. పగలైనా చిలకపాలెం జంక్షను దగ్గర రాజాం రోడ్డు నుంచి వచ్చే బళ్లని కనిపెట్టుకుని, ముందే గేరు దించండి. కంటైనరు మిమ్మల్ని దాటేటప్పుడు గాలి ముందు బయటికి నెడుతుంది, తర్వాత లోపలికి లాగుతుంది. హ్యాండిల్ గట్టిగా బిగించకుండా, మోకాళ్లతో ట్యాంకు నొక్కిపెట్టండి. హెల్మెట్ ఐఎస్ఐ గుర్తున్నదే కొని, గడ్డం కింద పట్టీలో రెండు వేళ్లే దూరేలా బిగించుకోండి.